జడ్జిగారి ఇత్తడి గంట

సోమవారం, మొదటి షిఫ్టు

పై కోర్టు జడ్జి దీపం ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు ఆ రోజుల్లో జరిగిందంతా రాసిపెట్టాలట. తీర్పు అయ్యాకే దాన్ని చదువుతారట. నా పేరు సారవ్వ, చల్లగనిలో దీపాల గది చూసుకుంటాను. టోపీ దీపాలు చార్జింగుకు పెట్టడం, అద్దాలు తుడవడం, షిఫ్టుకు పోయేవాళ్ళకు ఇవ్వడం, బ్యాటరీ పాడుచేసుకొచ్చినవాళ్ళను తిట్టడం నా పని. రాయడం నా పని కాదు. రాయమన్నారు కాబట్టి నోటికొచ్చినట్టు రాస్తాను, తర్వాత ఎవరూ వంకలు పెట్టొద్దు.

జడ్జి ఇందుమతిగారు ఇవాళ పెద్దగని నుంచి సొరంగం రైల్లో దిగారు. పై కోర్టు జడ్జి అంటే ఎంత హడావిడి ఉంటుందో అనుకున్నాను. తీరా చూస్తే నెరిసిన జుట్టు, చేతిలో ఒక సంచీ, వెంట ఒక్కరూ లేరు. మా కింది కోర్టు పెద్ద రాజలింగు దండ పట్టుకుని నిలబడితే, దండ ఆయన చేతిలోనే ఉండగా నమస్కారం పెట్టి నేరుగా నా గదికి వచ్చారు. టోపీ దీపం విప్పి బల్ల మీద పెట్టారు.

"ఏడు రోజులు దీన్ని దాచండి సారవ్వగారూ. మధ్యలో నేనే వచ్చి అడిగినా ఇవ్వకండి."

"ఏడ్చినా ఇయ్యనమ్మా" అన్నాను. నవ్వారు.

ఓదెలు అప్పీలు కోసం వచ్చారు ఆమె. శిక్ష ఎక్కువైందని ఎవరైనా పై కోర్టుకు పోతే, వినబోయే జడ్జి ముందుగా ఆ శిక్షను కొన్నాళ్ళు తాను పడి చూడాలి. రుచి చూడడం అంటారు దాన్ని. ఆ రోజుల్లో కేసు గురించి ఒక్క ముక్క జడ్జి చెవిన వేసినా అప్పీలు కొట్టేస్తారు.

ఓదెలుకు పడింది చీకటి శిక్ష. పెద్దగనిలో వీధి దీపాలున్నాయట; ఇక్కడ కరెంటంతా గాలి ఫ్యానుకే చాలదు. పైన ఎండకు తాళలేక మా తాతలు ఈ పాత బొగ్గు గనిలోకి దిగిన నాటి నుంచి మనిషికొక టోపీ దీపం, అంతే. దాన్ని ఓదెలు దగ్గర్నుంచి తీసేసుకున్నారు. నడుముకు ఇనుప గంట కట్టారు. ఆ గంట వినబడితే ఎదురొచ్చేవాళ్ళు తమ దీపానికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఇంట్లోనూ అంతే, అతను అడుగుపెడితే దీపం ఆర్పాలి. తొమ్మిదేళ్ళు. రెండేళ్ళు గడిచాయి. శిక్ష పడ్డప్పుడు అతని బిడ్డ చుక్క పాకుతూ ఉండేది. ఇప్పుడు సొరంగం గ్యాలరీ అంతా ఉరుకుతోంది. ఇప్పుడు దాని మొఖం ఎలా ఉంటుందో కన్నతండ్రికి తెలియదు.

తప్పు చేయలేదని ఓదెలు ఎన్నడూ అనలేదు. ఫ్యాను గాలి దారి తప్పకుండా గాలి తలుపులు జంటగా ఉంటాయి, ఒకటి మూశాకే ఇంకొకటి తీయాలి. సదయ్య కాలు మీద పైకప్పు రాయి పడ్డ రోజు, మోసుకొచ్చిన స్ట్రెచరు రెండు తలుపుల మధ్య పట్టలేదు. ఓదెలు మొదటి తలుపుకు బండ అడ్డం పెట్టి రెండోది తెరిచాడు. సదయ్య బతికాడు. గాలి దారి తప్పి, చివర పుట్టగొడుగులు పెంచే గ్యాలరీలో ముగ్గురు సొమ్మసిల్లారు. ఇద్దరు కోలుకున్నారు. మూడో ఆయన మొండయ్య ఇప్పటికీ దగ్గుతూనే ఉన్నాడు. మనిషికి మూడేళ్ళ చొప్పున రాజలింగు తొమ్మిదేళ్ళు వేశాడు.

జడ్జిగారి నడుముకు గంట కట్టాను. బయటికి పోతూ గడప తట్టుకుని పడబోయారు. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

"వద్దు. ఓదెలుకు పడుతున్నారా?" అని, గోడ తడుముకుంటూ వెళ్ళిపోయారు. అబ్బ, ఏం మనిషి!

మంగళవారం, రెండో షిఫ్టు

దీపాలు ఇవ్వడం, తీసుకోవడం. సదయ్య బ్యాటరీలో నీళ్ళు పోనిచ్చాడు. ఒక కాలితో నడిచేవాడని జాలిపడి సగమే తిట్టాను.

జడ్జిగారు పుట్టగొడుగుల గ్యాలరీ దాకా నడిచి వచ్చారు. నీళ్ళ పంపు దగ్గర వరుసలో నిలబడి తన బిందె తానే నింపుకున్నారు. తోడొస్తానన్న రాజలింగు కోడలిని వద్దన్నారు. వయసుకు నా కన్నా పెద్దది, నేనైతే మొదటి మలుపులోనే కూలబడి ఏడ్చేదాన్ని. ఊరంతా ఆమె మాటే. "జడ్జమ్మ పోతాంది సూడుండ్రి" అని పిల్లలు గుసగుసలు.

గురువారం, మొదటి షిఫ్టు

నెత్తి కొట్టుకున్నాను ఇవాళ.

జడ్జిగారు గంట తాడు వదులైందని వచ్చారు. బిగిస్తూ, "ఎట్లున్నదమ్మా నడక?" అని అడిగాను. అంతవరకు అడగొచ్చు.

"భయపడ్డంత లేదు సారవ్వగారూ. పెద్దగనిలో చెబితే ఏమో అనుకున్నాను. చీకటి అనుకున్నంత చీకటిగా లేదు."

 ఆమె వెళ్ళాక గుమ్మంలో నిలబడి చూశాను. అప్పుడు అర్థమైంది, మావాళ్ళు ఎంత పని చేస్తున్నారో!

చల్లగనికి ఒక మర్యాద ఉంది. పెద్దమనుషులు ఎదురైతే మన టోపీ వంచి వాళ్ళ పాదాల ముందు వెలుగు పడేట్టు పట్టాలి. అడుగు దీపం అంటాం. పసిపిల్లలకు మాటల కన్నా ముందు అది నేర్పుతాం. జడ్జిగారి గంట వినబడగానే ఎవరూ దీపానికి చెయ్యి అడ్డం పెట్టడం లేదు. వరుసగా టోపీలు వంచుతున్నారు. ఆమె ఒక్కొక్కరిని దాటుతుంటే వెలుగు ఒకరి నుంచి ఇంకొకరికి అందుతోంది. ఆమె ఎవరినీ చూడడం లేదు, నేల చూసుకుని నడుస్తోంది. ఇక్కడి శిక్ష ఇంతే కాబోలు అనుకుంటోంది.

అందరికన్నా ముందు నిలబడి దీపం పట్టింది ఎవరనుకున్నారు? ఓదెలు పెళ్ళాం స్వరూప. ఈ అప్పీలు పెట్టింది ఆమే! నాకు ఒళ్ళు మండిపోయింది. రెక్క పట్టుకుని పక్కకు గుంజాను.

"ఏం జేస్తున్నవే పిచ్చిదానా? గిట్ల ఎలుగు పడితే శిక్ష అల్కగనే ఉన్నదని రాసిపోతది. మీ ఆయన ఇంకా ఏడేండ్లు చీకట్లనే ఉంటడు."

స్వరూప మొఖం పాలిపోయింది. "పెద్దామె అవ్వా. మా కోసమే ఇంత దూరం వచ్చింది. కాలు కింద ఎట్ల సూడకుంట ఉండాలె?"

పంపు దగ్గర అందరినీ నిలబెట్టి చెడామడా తిట్టాను. రాజలింగు కూడా అక్కడే ఉన్నాడు.

"నువ్వు చెప్పేది ఎర్కనే సారవ్వా. కానీ ఇంటికొచ్చిన మనిషి పడుతుంటే దీపానికి చెయ్యి అడ్డం పెట్టుమంటవా? చల్లగని పేరేం గావాలె?"

"ఓదెలు రోజూ పడుతున్నడు గదా! అప్పుడు పోలేదా పేరు?"

 చేతులు అడ్డం పెడతామన్నారు. గంట సేపైనా కాలేదు, జడ్జిగారు మళ్ళీ అటు వచ్చారు. తప్పదన్నట్టు చేతులెత్తారు. ఆమె రైలు పట్టా తట్టుకుని తూలగానే చేతులన్నీ కిందికి దిగాయి, టోపీలన్నీ వంగాయి. నాది కూడా వంగింది. నన్ను నేను తిట్టుకుంటూ గదిలోకి వచ్చి కూర్చున్నాను. ఆమెతో చెబుదామంటే అప్పీలే పోతుంది. చెప్పకపోయినా పోయేట్టే ఉంది. 

శుక్రవారం, రెండో షిఫ్టు

జడ్జిగారు పిలవకుండానే వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.  నేను అద్దాలు తుడుస్తూ ఉన్నాను.

"సారవ్వగారూ, గంట గురించి అడగవచ్చా?"

"గంట, దీపం నా పనే గదమ్మా. అడుగుండ్రి."

"ఇందాక మూడో మలుపు దగ్గర నాకు ఎదురుగా ఇంకో గంట వచ్చింది. మొద్దు చప్పుడు. అది దగ్గరికి వస్తుంటే చుట్టూ ఉన్న వెలుగు ఒక్కసారిగా పోయింది. నా అరచెయ్యి నాకు కనబడలేదు. గోడ ఎటుందో తెలియలేదు. ఆ గంట నన్ను దాటి వెళ్ళిపోయింది. వెంటనే నా కాళ్ళ ముందు మళ్ళీ వెలుగు." ఆగారు. "నా గంట చప్పుడు వేరు. ఎందుకు?"

నాలుక కొరుక్కుని, గంట సంగతి మాత్రమే చెప్పాను. శిక్ష గంట ఊరికి ఒకటే ఉంటుంది, ఇనుపది. మీరొస్తున్నారని రాజలింగు ఇత్తడిది కొత్తగా పోత పోయించాడు. పెద్ద కోర్టు జడ్జికి తుప్పు గంట కడితే ఏం బాగుంటుందన్నాడు.

ఆమె ఇత్తడి గంటను చేతిలోకి తీసుకుని వేలితో తడిమారు. కోపం వస్తుందనుకున్నాను. నవ్వు వచ్చింది, తడిసిన నవ్వు. "ఎంత మంచివాళ్ళండీ మీరంతా" అన్నారు. ఆ మాట నాకు చెంపదెబ్బ తగిలినట్టే తగిలింది.

"శిక్ష పడ్డవాళ్ళ గంట కట్టుకోవాలని రూలు. నాకు ఇనుపది కావాలి."

"మరి ఓదెలు? గంట లేకుంట అతను బయటికి అడుగు పెట్టద్దు."

"ఊళ్ళో రెండే గంటలున్నాయి కదా" అన్నారు. అంతే, నేను చేసేది చూడనన్నట్టు లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

నాలో నేను రెండు చేతులూ జోడించాను. తెలివి అంటే ఇది! నోరు విప్పకుండా, రూలు దాటకుండా, మా మర్యాదకు మమ్మల్నే ఎదురు నిలబెట్టింది. ఓదెలును పిలిపించాను. ఇత్తడి గంట అందించి, "ఇది కట్టుకో, ఎందుకని అడగకు, ఎవరికీ చెప్పకు, తీర్పు దాకా ఇంటికి పోకు" అన్నాను. రెండేళ్ళుగా ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి. తలూపాడు. అతని ఇనుప గంట జడ్జిగారి నడుముకు కట్టాను.

శనివారం, మొదటి షిఫ్టు

ముందు ఓదెలు సంగతి. ఇత్తడి గంట మోగిస్తూ పంపు దారిన పోయాడట. అలవాటుగా టోపీలన్నీ వంగాయి. తన పాదాలు తనకు కనబడగానే మనిషి మేకు కొట్టినట్టు నిలబడిపోయాడు. రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. దీపం పట్టినవాళ్ళకు ఆ కాళ్ళు ఎవరివో అప్పుడు తెలిసింది. కొందరు సిగ్గుతో దీపాలు తిప్పేసుకున్నారు. మొండయ్య మాత్రం దగ్గుకుంటూనే టోపీ వంచుకుని నిలబడ్డాడట.

"ఓ మొండన్నా, వాడు ఓదెలు!" అన్నారు పక్కవాళ్ళు.

"గంట మోగింది, దీపం పట్టిన. కాళ్ళు ఎవనియైతేంది?" అన్నాడట. వాడి వల్లనే ఊపిరి పాడైన మనిషి!

ఓదెలు నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "నాకొద్దవ్వా ఈ గంట. తొవ్వ కనవడుతుంటే అడుగు పడతలేదు."

"ఓర్చుకోరా" అన్నాను. బయటికి రానీయకుండా నా గది వెనక కూర్చోబెట్టాను; గంటలు మళ్ళీ మార్చేశారనుకుంది ఊరు.

ఇక జడ్జిగారు. ఇనుప గంటతో పోయినామె షిఫ్టు సగంలో వచ్చారు. నేను దీపం ఎత్తగానే, "ఆర్పండి, గంట ఇనుపది" అన్నారు. చీకట్లోనే ఆమె నుదురు తడిమితే నా వేళ్ళకు నెత్తురు అంటింది. తోపుడు బండి తగిలిందట. తోసుకుపోయే కుర్రాళ్ళు గంట విని, దీపాలు మూసుకుని, "ఓదెలూ, జరుగు జరుగు" అని అరిచి వెళ్ళిపోయారట. పంపు దగ్గర ఆమె వరుస వచ్చినప్పుడల్లా ఎవరో ముందుకు దూరారట.

"జడ్జమ్మనని ఒక్క మాట అనకపోతిరా?"

"ఓదెలు ఏమని చెప్పుకుంటాడు?"

గుడ్డ కట్టాను. బసకు పోయి పడుకోమని బతిమాలాను. మంచినీళ్ళు తాగి, గోడ తడుముకుంటూ మళ్ళీ బయలుదేరారు. ఇలాంటి జడ్జి ఉందని పెద్దగనివాళ్ళు ఎంత మురిసిపోవాలో! 

ఆదివారం, రెండో షిఫ్టు

స్వరూప నా గదికి వచ్చి ఏడుస్తూ చెప్పింది.

తినే వేళకు గుమ్మంలో ఇనుప గంట మోగిందట. ఎప్పటిలాగే స్వరూప దీపం ఆర్పి, కంచంలో జొన్నరొట్టె, పుట్టగొడుగుల కూర పెట్టి చీకట్లో ముందుకు జరిపింది. "తిను" అంది. వచ్చిన మనిషి ఏమీ అనకుండా కూర్చుంది. జవాబు రాకపోవడం వాళ్ళకు అలవాటే. చుక్క పరిగెత్తి పోయి ఒళ్ళో ఎక్కింది. వాళ్ళ నాయిన వచ్చినప్పుడు ఆ పిల్ల ఒక పని చేస్తుంది. రెండు చేతులతో అతని మొఖమంతా తడుముతుంది. ముక్కు, మీసం, గదవ కింద మచ్చ. ఇవాళ కూడా అలాగే తడిమి, చేతులు తీసేసింది.

"అమ్మా, ఈయన నాయిన గాదు. నాయిన ముక్కు గిట్ల లేదు."

స్వరూప దీపం వెలిగించింది. ఎదురుగా జడ్జిగారు, నుదుట కట్టుతో. ఒళ్ళో చుక్క. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయట. "దీపం ఆర్పమ్మా" అని మాత్రం అన్నారట. చీకట్లో కూర్చుని రొట్టె మొత్తం తిన్నారట.

"తప్పు జేసిన్నా అవ్వా? అప్పీలు పోతదా?" అని స్వరూప నా చేతులు పట్టుకుంది.

"నువ్వు ఒక్క మాటన్నా చెప్పినవా?"

"లేదు. తిను అన్న. గంతే."

"అయితే ఏం పోదు. కండ్లు తుడుచుకో" అన్నాను. పోదని నాకూ తెలియదు.

సోమవారం, మొదటి షిఫ్టు

తీర్పు పెద్ద గ్యాలరీలో. ఊరంతా వచ్చింది. ఓదెలు గోడ పక్కన దూరంగా నిలబడ్డాడు. జడ్జిగారు ఇంకా గంట విప్పలేదు కాబట్టి అందరం దీపాలకు చేతులు అడ్డం పెట్టుకున్నాం. వేళ్ళ సందుల్లోంచి పడే వెలుగులోనే కోర్టు నడిచింది.

రాజలింగు లేచాడు. అబద్ధం ఆడే మనిషి కాదు. "అమ్మా, గాలి పోతే ఊరు ఊరే పోతది. ఆ దినం మా తమ్ముడు కూడ పుట్టగొడుగుల కాడనే ఉన్నడు. నేను భయపడ్డ. ఇంకెవ్వడు ఆ తలుపు జోలికి పోవద్దని తొమ్మిదేండ్లు ఏసిన."

"మీ భయం నిజమే రాజలింగుగారూ" అన్నారామె. గొంతు పెంచలేదు. "ఓదెలు తప్పు చేశాడు. రెండు తలుపులూ ఒకేసారి తెరవకూడదు. ఆ నిర్ణయాన్ని నేను మార్చడం లేదు. కానీ ముగ్గురు సొమ్మసిల్లారని మూడింతలు వేశారు. అతను తలుపు మూడుసార్లు తెరవలేదు. ఒక్కసారి తెరిచాడు. ఒక పనికి ఒక శిక్ష. చట్టంలో దానికి మూడేళ్ళకు మించి లేదు."

మనసులో లెక్క వేశాను. మూడేళ్ళంటే ఇంకొక ఏడాది ఉంది.

"ఇంకొక మాట. అతని దీపం తీసుకోవాలని మాత్రమే చట్టంలో ఉంది. ఊళ్ళో ఉన్న దీపాలన్నీ అతనికి లేకుండా చేయాలని లేదు. దీపానికి చెయ్యి అడ్డం పెట్టాలని ఎవరూ రాయలేదు. అది మీరు పెట్టుకున్నది. నేను ఇక్కడ ఇత్తడి గంటా, ఇనుప గంటా ఒకదాని తర్వాత ఒకటి కట్టుకుని తిరిగాను. ఇత్తడి గంటతో నడిచింది చట్టం వేసిన శిక్ష కన్నా తేలిక. ఇనుప గంటతో నడిచింది దానికన్నా చాలా బరువు. ఈ రెండేళ్ళు ఓదెలు మోసింది ఆ బరువే. మూడేళ్ళ శిక్ష కన్నా ఎక్కువే అతను అనుభవించాడని నేను తేలుస్తున్నాను. శిక్ష ఇవాళ్టితో అయిపోయింది. ఊపిరి చాలక మొండయ్యగారు తోయలేని బండిని ఇక ఓదెలు తోస్తాడు."

మొండయ్య దగ్గు ఆపుకుంటూ, "నెమ్మదిగ తోయాలె, నాకు తొందర పనికిరాదు" అన్నాడు. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్య ఎవరో ఏడ్చారు. రాజలింగే, నేను చూశాను.

జడ్జిగారు నడుము నుంచి ఇనుప గంట విప్పి రాజలింగు చేతిలో పెట్టారు. మేమంతా చేతులు దించాం. పెద్ద గ్యాలరీలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

ఆమె దీపం ఆమెకు ఇచ్చేశాను. అద్దం మూడుసార్లు తుడిచి మరీ ఇచ్చాను. రైలు దాకా ఊరంతా రెండు వైపులా నిలబడి అడుగు దీపం పట్టింది. ఈసారి నేను ఎవరినీ తిట్టలేదు. ఆమె కూడా తల వంచుకుని ఆ వెలుగు మీదనే నడిచి రైలెక్కారు.

అదే రోజు, రెండో షిఫ్టు

ఓదెలు తన దీపం కోసం వచ్చాడు. స్వరూప, చుక్క వెంట ఉన్నారు. రెండేళ్ళూ దాన్ని నేను చార్జింగులోనే ఉంచాను. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

టోపీ పెట్టుకుని, మీట నొక్కి, బిడ్డ వైపు తిరిగాడు. పిల్ల మొఖం మీద వెలుగు పడింది. అతను అలాగే చూస్తూ ఉండిపోయాడు. చుక్క మాత్రం కళ్ళు చిట్లించుకుని వాళ్ళమ్మ కొంగు చాటుకు పోయింది. పాపం, దానికి కనబడేది నెత్తి మీది దీపమే కదా, కింద మనిషి మొఖం కాదు.

ఓదెలు టోపీ తీసి నా చేతికిచ్చాడు. "నువ్వు పట్టవ్వా" అన్నాడు.

మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇద్దరి మొఖాలూ కనబడేట్టు పక్కనుంచి పట్టాను. చుక్క కొంగు వదలకుండా చాలాసేపు చూసింది. గుర్తుపట్టలేదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టే చూసింది. ఓదెలు కదలలేదు. పిలవలేదు, చెయ్యి చాపలేదు.

అప్పుడు ఆ పిల్ల రెండడుగులు ముందుకు వేసి, గట్టిగా కళ్ళు మూసుకుంది. చేతులు చాచి మొఖం తడిమింది. ముక్కు, మీసం, గదవ కింద మచ్చ. తడిసిన చెంపలు.

"నాయినే" అంది. కళ్ళు తెరిచింది.

 దీపం కదలకుండా రెండో చెయ్యి కూడా వేసి పట్టుకున్నాను. ఓదెలు దీపం ఓదెలుకు ఇచ్చేశాను. ఇక వాపసు తీసుకునేది లేదు.